మన్ను దాచిన బిళ్ళలు

తాలూకా కచ్చేరీ గుమ్మమున నిలుచుండిన బిళ్ళబంట్రోతును మన పెద్దలందరు నెరుగుదురు. పట్టెడకు గ్రుచ్చిన ఆ ఇత్తడిబిళ్ళ భుజముపై నున్నంతసేపు వాని మాట సర్కారు మాట. బిళ్ళ తీసి వంకెకు తగిలించి యింటికి పోయినచో వాడును మనవలె నొక రామయ్యయో సుబ్బయ్యయో. బిళ్ళ మనుష్యునికి అధికారము నిచ్చును గాని వాని పేరు చెప్పదు. సైనికుని బిళ్ళయు నట్టిదే. టోపీమీదను భుజముమీదను అతడు ధరించు లోహపుముక్క అతడే పటాలమువాడో చెప్పును. ఎవని కొడుకో, ఏ యూరివాడో చెప్పదు. కచ్చేరీలో బిళ్ళ చేతులు మారినను మనుష్యుడు మిగిలెను. రణభూమిలో మనుష్యుడు మాసిపోయి బిళ్ళ మిగిలినది. అట్లు మిగిలిన బిళ్ళలు మణిపూరు కొండలలో నేటికిని మట్టిక్రింద పడియున్నవి. వానిని వెదకి వెలికితీయుచున్నవారిని గూర్చియు, వాని యెడల మనకు గల విధిని గూర్చియు నేడు మా పాఠకులతో ముచ్చటింప దలచితిమి.

1944 మార్చినుండి జూలైవరకు ఇంఫాలు లోయ చుట్టును, దానికి ఉత్తరమున కోహిమాయందును జరిగిన సంగ్రామము రెండవ ప్రపంచయుద్ధపు ఘోరరణములలో నొకటి. జపాను పదునైదవ సైన్యము మూడు డివిజనులతో చింద్విన్ నదిని దాటి వచ్చెను. వారితోడ సుభాసుచంద్రబోసు నడిపిన ఆజాదు హిందు ఫౌజు దళములును వచ్చెను. ఎదుట నిలిచినది జనరల్ స్లిమ్ నాయకత్వమున నున్న పదునాలుగవ సైన్యము. దాని పేరు బ్రిటిషువారిదే గాని, అందు బరువు మోసినవారిలో అత్యధికులు మన దేశపు రైతుబిడ్డలు. ఏప్రిలు 14వ తేదీన మొయిరాంగులో కర్నలు షౌకతు మాలిక్ ఆజాదు హిందు పతాకము నెగురవేసెను. జూన్ 22వ తేదీన కోహిమానుండి వచ్చిన సేనయు ఇంఫాలునుండి వెడలిన సేనయు దారిలో కలిసికొనుటతో ముట్టడి తెగెను. పిమ్మట వానలు, ఆకలి, మలేరియా, రక్తవిరేచనములు తూటాలకంటె నెక్కువమందిని కబళించెను. వెనుదిరిగిన జపానువారును ఫౌజువారును ఆ బురదదారుల వెంట కుప్పకూలిరి. 2013లో లండనునందలి జాతీయ సైనిక ప్రదర్శనశాలవారు జరిపిన ఎన్నికలో బ్రిటనుదేశపు మహాసంగ్రామములలో ఇంఫాలు కోహిమాలకే మొదటిస్థానము లభించెను. ఆ గౌరవము వారి పుస్తకములలో చేరినది. మనవారి యెముకలు మాత్రము మన కొండలలో నున్నవి.

ఆ కొండల ప్రక్కనే పుట్టి పెరిగిన ఇంఫాలు వాసులు కొందరు రమారమి 2010 ప్రాంతమునుండి ఒక సంఘముగా నేర్పడి, మెటల్ డిటెక్టరులు చేబూని, సెలవుదినములందు ఆ శిఖరములెక్కి వెదకుచు వచ్చిరి. వీరు పండితులు కారు, ప్రభుత్వోద్యోగులునుగారు. చిన్ననాడు తాతలు చెప్పిన యుద్ధపుకథలు విని, ఆ కథల జాడలను నేలలో చూడగోరినవారు. దేవాలయద్వారముల యొద్దను రైలుస్టేషనులలోను మనము నిత్యము దాటిపోవు ద్వారపుచట్రమునకు ఈ యంత్రము దాయాదియే. ఒక దండము, దాని కొనను పళ్ళెమువంటి తీగచుట్ట, చెవులకు శ్రవణయంత్రము, ఇంతే దీని స్వరూపము. తీగచుట్టలో ప్రవహించు విద్యుత్తు నేలలోనికి అయస్కాంతక్షేత్రమును ప్రసరింపజేయును. అడుగున లోహమున్నచో అందును చిన్న విద్యుత్సుడులు పుట్టి, తమ క్షేత్రమును తిరిగి పైకి పంపును. ఆ ప్రతిస్పందనను యంత్రము ధ్వనిగా మార్చి చెవికి వినిపించును. బిళ్ళవంటి చిన్న వస్తువైనచో జానెడులోతు వరకును, పెద్ద వస్తువైనచో అంతకుమించియు దీనికి దొరకును.

వినుట కింత సుళువైన పని ఆ కొండలమీద బహుకష్టము. ఒక్కొక్క శిఖరముకొరకు ఇరుపక్షములవారును నెలల తరబడి ఫిరంగులు ప్రేల్చిరి గనుక అడుగడుగున ఇనుపతునకలే. నూరుమారులు మ్రోగిన యంత్రము తొంబదిమారులు ఒట్టి గుండుముక్కనే చూపును. ఓపికతో వెదకినవారికి తూటాతొడుగులు, శిరస్త్రాణములు, నీళ్లసీసాలు, భోజనపుగిన్నెలు, నాణెములు, నడికట్టు కొక్కెములు, వానినడుమ ఎప్పుడో యొకనాడు ఒక బిళ్ళ లభించును. ఇనుము తుప్పుపట్టి చేత విరిగిపోవును. ఇత్తడి చిలుముపట్టి పచ్చబడినను అక్షరములు నిలుపుకొనును. చింతపండుతో తోమి తళతళలాడించుట మన యింటి ఆచారమే గాని ఇచ్చట నది కూడనిపని. ఆ చిలుముక్రింద గీతలే సాక్ష్యము.

ఈ యంత్రపు పుట్టుక కూడ చెప్పదగినది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకిదెబ్బ తినినప్పుడు, అతని శరీరములోని గుండును కనుగొనుటకై టెలిఫోను నిర్మాత గ్రాహాంబెల్ ఒక విద్యుత్ తులను సిద్ధపరచెను. ప్రయత్నము ఫలింపలేదు, అధ్యక్షుడు మరణించెను. రెండవ ప్రపంచయుద్ధమున స్వదేశము కోల్పోయి బ్రిటనులో తలదాచుకొన్న పోలండుసైన్యమునకు చెందిన జోసెఫ్ కొసాట్స్‌కీ అను నతడు 1941లో, మనుష్యుడొక్కడు చేతబట్టి నడువదగిన మందుపాతరశోధకమును నిర్మించెను. 1942 అక్టోబరులో ఎల్‌అలమీను ఎడారియందు 500 యంత్రములు పాతరల నడుమ సేనలకు దారిచూపెను. నేటి లోహశోధకములకు అదియే మాతామహి.

ఆ విద్యలో మన దక్షిణదేశపు రక్తమును కలిసియున్నది. 1944 ఫిబ్రవరి 24వ తేదీన ఇటలీలోని మిన్యానో యొద్ద మద్రాసు సాపర్ల సుబేదారు సుబ్రమణియన్ మందుపాతరలు తొలగించు దళములో నుండగా, సహచరుని పాదము ఒక పాతరపై పడెను. ప్రేలుటకు గల లిప్తకాలములో సుబేదారు దానిపై తన దేహమును పడవైచి, తోడివారిని కాపాడి, తాను మడిసెను. ఆయనకు మరణానంతరము జార్జిక్రాసు లభించెను. బ్రతికియున్నవానిని చావునుండి కాపాడుటకు పుట్టిన యంత్రమిది. నేడు చచ్చినవానిని మరపునుండి కాపాడుటకు పనికివచ్చుచున్నది. ఈ ధర్మమును గుర్తెరిగి పట్టినవాని చేతనే ఇది శోభించును.

బిళ్ళకు ఇంత విలువ యేల అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. నాటి బ్రిటిషు, భారతీయ సైనికుల మెడలో వ్రేలాడిన గుర్తింపుబిళ్ళలు లోహముతో చేసినవికావు, నారతో నొత్తి చేసినవి. తడినేలలో అవి క్రమముగా చివికిపోయెను. మిగిలినవైనను యంత్రమునకు దొరకవు. జపాను సైనికుని బిళ్ళ ఇత్తడిదే యైనను, సామాన్యసిపాయి బిళ్ళమీద సాధారణముగా దళపుసంఖ్యయు వరుససంఖ్యయు తప్ప పేరుండదు. కావున భుజముపై ధరించిన పటాలపు ఇత్తడి అక్షరములు, టోపీబిళ్ళ, చెంచా వెనుక పొడిచిన సంఖ్య, ఇవియే చచ్చినవాని నోరు. ఒక్క బిళ్ళ పేరు చెప్పకపోయినను, ఏ పటాలము ఏ తేదీన ఏ శిఖరమున నుండెనో పటాలపు దినచర్యలు చెప్పును; ఆనాడు తప్పిపోయినవారి పట్టికలు చెప్పును. అట్లు వేయిమందినుండి ఇరువదిమందికి, ఇరువదిమందినుండి ఒక్కనికి దారి యేర్పడవచ్చును.

ఇది యూహ కాదు, జరిగిన సంగతి. ఉత్తరఫ్రాన్సులోని ఫ్రోమెల్ గ్రామమున 1916 జూలై 19, 20 తేదీలలో ఆస్ట్రేలియావారు ఘోరముగా దెబ్బతినిరి. తమ పంక్తులలో పడిన శవములను జర్మనులు ఒక వనము ప్రక్కను గోతులలో పూడ్చిరి. తొంబదియేండ్లు ఆ గోతుల మాట లోకము మరచెను. 2007లో గ్లాస్గో విశ్వవిద్యాలయపు విద్వాంసులు ఆ పొలమును లోహశోధకములతో పరీక్షింపగా రెండు చిన్న పతకములు బయల్పడెను. అందొకటి ఆస్ట్రేలియాలోని ఆల్బర్టన్ అను గ్రామీణమండలమువారు తమ ప్రాంతమునుండి యుద్ధమునకు పోవు యువకులకు బహూకరించినది. ఇంత మారుమూల పతకము ఈ పొలములోని కెట్లు వచ్చెను? దానిని ధరించినవానితోడనే వచ్చియుండవలెను గదా! ఆ రెండు ముక్కలు ఇచ్చిన ధైర్యముతో త్రవ్వకములు సాగి, 2009లో 250 దేహములు లభించెను. 2010లో వారికి క్రొత్త శ్మశానవాటిక యేర్పడెను. బంధువుల రక్తపరీక్షలతో సరిపోల్చి వారిలో నూటయేబదిమందికి పైగా పేర్లు చెక్కబడెను. నాల్గవ తరపు మనుమరాండ్రు తాతతమ్ముని సమాధిపై పుష్పముంచిరి. చేతిలో నిమిడిపోవు రెండు పతకములు చేసిన పని యిది!

పేరు నిచ్చుటయే గాదు, నిజమును నిలువబెట్టుటకును ఇట్టి బిళ్ళలు సాక్షులగును. 1876 జూన్‌లో అమెరికాలోని మోంటానాయందు లిటిల్ బిగ్‌హార్ను నదీతీరమున కస్టరు సేనాపతి తన దళముతో సహా లకోటా, షెయెన్ వీరుల చేతిలో మడిసెను. గెలిచినవారు తమ కథను నోటితో చెప్పిరి. ఓడినవారి దొరతనమువారు తమ కథను కాగితముపై వ్రాసికొనిరి. కాగితమున్నవాని మాటయే నూరేండ్లు చెల్లెను. 1983లో కారుచిచ్చు ఆ బయలును దగ్ధముచేసి నేలను బయటపెట్టెను. మరుసటి యేటినుండి పండితులును శోధకయంత్రముల నెరిగిన సామాన్యులును కలసి, వరుసలుకట్టి నడచి, దొరకిన ప్రతి తూటాతొడుగు చోటును పటముపై గుర్తించిరి. తుపాకిసూది తొడుగుపై చేయు గంటు ఒక్కొక్క తుపాకికి ఒక్కొక్క రీతిగా నుండును గనుక, ఒకే తుపాకి ఎచ్చటినుండి ఎచ్చటికి నడచినదో కూడ తెలిసికొనిరి. ఆ నేలవారియొద్ద ఎన్ని తుపాకులుండెనో, సమరమెట్లు సాగెనో వారి పెద్దలు చెప్పిన మాటలను ఆ తొడుగులు పెక్కుచోట్ల బలపరచెను. కాగితములేని జాతికి నేల సాక్ష్యము పలికినది.

ఇచ్చటనే మేము గట్టిగా చెప్పదలచిన మాట కలదు. ఆ సాక్ష్యమునకు ప్రాణము వస్తువులో లేదు, వస్తువు పడియున్న చోటులో నున్నది. ఏ శిఖరము, శిఖరమున ఏ వైపు, ఎంత లోతున, దేని ప్రక్కను ఆ బిళ్ళ లభించెనో వ్రాసి యుంచినచో అది చరిత్ర. వ్రాయక జేబులో వేసికొనినచో అది తులముల లెక్కన ఇత్తడి. పెరికిన మొక్కను ఎక్కడ నుండెనో యెరుగక తిరిగి నాటలేము. చోటు చెరపబడిన బిళ్ళయు నట్లే. ఒక్కసారి త్రవ్విన గోతిని మరల త్రవ్వి చూచుటకు వీలులేదు.

కాని లోకమున నేమి జరుగుచున్నది? సైనికచిహ్నములకు దేశదేశముల విపణి యున్నది. జపానువారి కత్తికిని టోపీకిని వెలకట్టువారున్నారు. అరుదైన పటాలపుబిళ్ళకు పందెములు వేయువారున్నారు. వెలయున్నచోట మోసముండక మానదు. పాత అచ్చులతో క్రొత్తబిళ్ళలు పోతపోసి, పులుసులలో నానబెట్టి చిలుముపట్టించి అమ్మువారును కలరు. మరియొక వంక పేదరికము. కొండయూళ్లవారు యుద్ధమైన నాటినుండియు ఆ యినుమునే ఏరి బ్రతుకుసామగ్రిగా వాడుకొనిరి. మిగిలినది పాతసామాను వ్యాపారి తక్కెడలో పడెను. ఆకలిగొన్నవానిని మేము నిందింపజాలము. దూరముననుండి వెలలు పెంచి వానిచేత త్రవ్వించువానినే నిందింతుము.

ఇంతకును ఆ మట్టిలో నున్నవారెవరు? ఇంపీరియల్ సేనలో మడిసినవారికి శ్మశానములు కలవు. కోహిమా యుద్ధశ్మశానమున 1,420 సమాధులున్నవి. అగ్నిసంస్కారము పొందిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అచ్చటనే శిలలపై నున్నవి. ఇంఫాలునందలి భారతసైనిక శ్మశానమున, 1944 ఏప్రిలు 6న ప్రాణమిచ్చి విక్టోరియాక్రాసు పొందిన జమేదారు అబ్దుల్ హఫీజు నిద్రించుచున్నాడు. సమాధియే యెరుగని సుమారు 27,000 మంది పేర్లు రంగూను ప్రక్కను టౌక్‌చాన్ స్తంభములపై చెక్కియున్నవి. వారిలో నొక్కొక్కడును ఏదో యొక కొండప్రక్కను, ఏదో యొక ఏటిగట్టున, తన బిళ్ళతో పడియున్నవాడే.

మరి ఆజాదు హిందు ఫౌజు వీరుల మాట యేమి? వారి మృతులకు శ్మశానపట్టిక లేదు, శిలాక్షరము లేదు. వారి స్మృతికై 1945 జూలైలో సింగపూరున బోసు శంకుస్థాపన చేసిన స్తంభమును బ్రిటిషువారు తిరిగి వచ్చినపిమ్మట మౌంటుబాటెను ఆజ్ఞచే ప్రేల్చివైచిరి. స్వరాజ్యమువచ్చిన పిమ్మట మొయిరాంగులో స్మారకమును ప్రదర్శనశాలయు వెలసెను, అందుకు సంతోషింతుము. కాని కొండలపై పడిన వారి దేహములను వెదకు పని మనము జాతీయకార్యముగా చేపట్టితిమా? ఒక తల్లి కిద్దరు కొడుకులు. ఒకడు జీతమునకై రాజుగారి సేనలో చేరెను, ఒకడు చెరనుండి వెడలి ఫౌజులో చేరెను. ఇద్దరును ఒకే కొండమీద ఎదురెదురుగా పడిరి. శోధకయంత్రము ఇరువురి బిళ్ళలకును ఒకే రీతిని మ్రోగును. యంత్రమునకు లేని పక్షపాతము మనకేల?

ఈ కొండలు ఆంధ్రులకు దూరమని తలంచుటకును వీలులేదు. విశాఖ, గోదావరి మండలములనుండి కోరంగి మొదలగు రేవుల ద్వారా బర్మాకు పోయిన మనవారిని బర్మీయులు కోరంగీలనియే పిలిచిరి. రంగూను రేవులోను బియ్యపుమిల్లులలోను వారి చెమట యింకినది. 1942లో జపానువారు రాగా, లక్షలాది భారతీయులు కాలినడకను స్వదేశమునకు తరలిరి. వారిలో ననేకులు తాము, పలేలు మార్గమున ఇంఫాలునకు నడచినవారే. రెండేండ్ల పిమ్మట ఫిరంగులు మ్రోగిన దారియు నదియే. కలరాతోను ఆకలితోను త్రోవలో పడినవారికి లెక్క లేదు. మలయాలోని రబ్బరుతోటలనుండి ఫౌజులో చేరిన దక్షిణదేశీయులలోను తెలుగువారుండిరి. ఇటువైపున మద్రాసు సాపర్లలోను తెలుగుబిడ్డలుండిరి. ఆ దారిప్రక్కను యంత్రము మ్రోగి, త్రవ్విచూడగా పటాలపుబిళ్ళకు మారుగా ఒక ఇత్తడిచెంబు బయల్పడినచో, దానిని వెదకువాడు విసిరివేయవచ్చును. సైనికచిహ్నము కాదుగదా! కాని నీటికై చెంబు చేతబట్టి నడచిన యే తల్లి చివరియాస్తి యది? వెదకువానికి బిళ్ళను గుర్తించు కన్నుతోబాటు చెంబును గుర్తించు హృదయము కూడ వలయును.

జపానువారిని చూచి నేర్వదగినది కలదు. ఓడిపోయి, పరదేశమున పడిన తమవారి యస్థులకై వారు దశాబ్దుల తరబడి వచ్చుచునే యుండిరి. 2019 జూన్‌లో నిప్పన్ ఫౌండేషను సాయముతో ఇంఫాలునకు సమీపమున ఎఱ్ఱకొండ పాదమున శాంతిప్రదర్శనశాల తెరువబడెను. నాడు శత్రువులుగా పోరాడినవారి వస్తువులు అందొకే కప్పుక్రింద నున్నవి. ఇట్లుండగా 2023 మేలో మణిపూరున చెలరేగిన కల్లోలమువలన లోయవారు కొండలకును, కొండలవారు లోయకును పోజాలని దుఃస్థితి యేర్పడెను. పాతయుద్ధపు బిళ్ళలను వెదకవలసిన నేలపై క్రొత్తతూటాలు రాలుట కంటె శోచనీయ మేమున్నది?

ఈ పనిలో అపాయమును కలదు. మట్టిలోని చేతిబాంబు ఎనుబదియేండ్లైనను ముసలిది కాదు. పైతొడుగు తుప్పుపట్టినకొలది లోనిమందు మరింత ప్రమాదకరము కావచ్చును. మణిపూరున పునాదులు త్రవ్వునపుడు నాటి బాంబులు బయల్పడిన వార్తలను మనము చదువుచునే యున్నాము. యంత్రము ఇనుమని చెప్పునేగాని ఇనుములో నేమున్నదో చెప్పదు. కావున అనుమానాస్పదమైన వస్తువు కనబడినంతనే చేయి తీసి, గుర్తుపెట్టి, రక్షకభటులకు తెలుపవలెను. బిళ్ళకై బ్రతుకు నొడ్డుట వీరత్వము కాదు.

ఇక శాసనముల మాట. భూమిలో దొరకిన పది రూపాయలకు మించిన నిక్షేపమును కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి శాసనము చెప్పుచున్నది. 1972 నాటి పురావస్తుశాసనము నూరేండ్లు నిండిన వస్తువులకే సామాన్యముగా వర్తించును. అనగా 1944లో కొండపై పడిన బిళ్ళ పురావస్తువనిపించుకొనుటకు 2044 రావలెను! అంతవరకు విపణిలోని వర్తకులు చేతులు ముడుచుకొని కూర్చుందురా? ఇంగ్లండులో 1986 నాటి శాసనము కూలిన యుద్ధవిమానములను తాకరాదనుచున్నది. అచ్చట 1997లో నారంభమైన పద్ధతి ననుసరించి సామాన్యులు తమకు దొరకిన వస్తువులను స్వచ్ఛందముగా తెలిపి నమోదు చేయించుచున్నారు. ఆ పట్టిక పదిలక్షల వస్తువులను మించిపోయెను. ఫ్రాన్సులో అనుమతి లేక ప్రాచీనవస్తువులకై ఈ యంత్రమును వాడుట నేరము. ఒకచోట నమ్మకము, ఒకచోట కట్టుబాటు. మన కీ రెండును వలయును.

మన తెలుగునాట ఈ యంత్రము పేరు చెప్పినంతనే గుప్తనిధుల ముఠాలు గుర్తునకు వచ్చుట మన దౌర్భాగ్యము. అర్ధరాత్రి పాడుబడిన కోటలలోను శివాలయములలోను గోతులు త్రవ్వి, నందివిగ్రహములను పగులగొట్టి, లేని బంగారమునకై ఉన్న చరిత్రను నాశనముచేయు మూఢులు పట్టుబడిన వార్తలు పత్రికల కెక్కుచునే యున్నవి. అదే యంత్రము విద్వాంసుల చేతికి వచ్చినచో ఏమి చేయలేదు? 1757 జనవరి 24న బొబ్బిలిలో తాండ్ర పాపారాయుడును వెలమవీరులును పోరాడిన నేల యున్నది. 1758 డిసెంబరులో ఇంగ్లీషువారును ఫ్రెంచివారును ఉత్తరసర్కారులకై పెనగిన చందుర్తి పొలములున్నవి. 1794 జూలై 10న విజయరామగజపతి ప్రాణములర్పించిన పద్మనాభము కొండ యున్నది. బొబ్బిలికథను మన జంగాలు పాడిరి. ఫ్రెంచివారును ఇంగ్లీషువారును తమ పుస్తకములలో వ్రాసికొనిరి. మూడవసాక్షి యైన నేలను ఎవరైనను విచారించిరా? ఆ పొలములలో సీసపుగుండ్లు నాగటిచాలులో తేలి, పిల్లల గోలీలుగా మారకముందే ఆ విచారణ జరుగవలెను.

కావున మేము కోరునది స్వల్పము. ఇంఫాలు, కోహిమా రణభూములను నూరేండ్ల నియమముతో పనిలేకుండ రక్షితప్రదేశములుగా ప్రకటింపవలెను. వెదకగోరువారికి అనుమతియు శిక్షణయు నిచ్చి, ప్రతివస్తువునకును చోటు, లోతు, తేదీ, చిత్రము వ్రాయించి, ఒక బహిరంగపట్టికలో చేర్పవలెను. తెచ్చి యిచ్చిన గ్రామస్థునికి పాతసామాను వ్యాపారికంటె మంచివెలయు, వస్తువు ప్రక్కను వాని పేరును ఉండవలెను. యెముక కనబడినచోట పార ఆగవలెను; అటుపిమ్మటి పని విద్వాంసులది, పురోహితులది, బంధువులది. ఫౌజు వీరులని తేలినవారికి మొయిరాంగులో అంత్యసంస్కారము జరుగవలెను. ఇంపీరియల్ సేనవారని తేలినవారికిని అంతే గౌరవము జరుగవలెను.

మా పాఠకులును చేయదగిన పని యొకటి కలదు. ఇంటి అటకమీదను భోషాణపు మూలను తాతగారి బిళ్ళయో పతకమో పింఛనుకాగితమో పడియున్నదేమో చూడుడు. మొదటి ప్రపంచయుద్ధపు వెండిపతకము అంచుమీద సైనికుని సంఖ్యయు పేరును పటాలమును చెక్కియుండును. వెండికని కరగించినచో ఆ పేరును కరగిపోవును. ఉన్నవారు దానిని భద్రపరుపుడు. తెలిసినంత కథను ఒక కాగితముపై వ్రాసి దానితో నుంచుడు. కొండమీద దొరకిన బిళ్ళకు పేరులేదు. ఇంటిలోని కాగితమునకు చోటులేదు. ఈ రెండును కలసిననాడే ఒక మనుష్యుడు తిరిగి యింటికి వచ్చును.

బిళ్ళబంట్రోతు సాయంకాలము బిళ్ళను వంకెకు తగిలించి తన యింటికి పోయెను. మణిపూరు కొండలమీది బంట్లకు ఆ సాయంకాలము రాలేదు. ఎనుబదియేండ్లుగా వారింకను బిళ్ళ ధరించియే యున్నారు. దానిని మెల్లగా విప్పి, మట్టి తుడిచి, వారిని పేరుపెట్టి పిలుచు భారము మనది.